కానరానిది లేనిదగునా?

పరీక్షకై యిచ్చిన రక్తము అవుననియు కాదనియు తేల్చి చెప్పక నడుమ నిలిచిపోయినప్పుడు, ఆ కాగితమును చేతబట్టుకొన్న మనుష్యుడు వైద్యశాస్త్రపు టెల్లలు దాటి, తనకు తెలియకుండగనే, మన ప్రాచీన తార్కికులు శతాబ్దములు వాదులాడుకొన్న యొక ప్రశ్న ముంగిట వచ్చి నిలుచుచున్నాడు. ఒక వస్తువు కానరాలేదన్న మాత్రమున అది లేదని నిశ్చయింపవచ్చునా? దానికి సంబంధించిన గురుతొకటి కానవచ్చినంతనే అది యున్నదని నమ్మవచ్చునా? ఇట్టివి పండితులకు కాలక్షేపమే గాని సంసారులకు వీనితో పనియేమి యని మనమనుకొందుము. సీలియాక్ వ్యాధి యను పేరు ఇంటిలో వినబడిన నాడు పని పడును.

సీలియాక్ అనునది గోధుమ, బార్లీ, రై అను ధాన్యములలో నుండు గ్లూటెన్ అను మాంసకృత్తుపై కొందరి శరీరము పూను వైరము. శరీరమును కాపాడవలసిన కణములే ఆ వైరమున చిన్నప్రేవు లోపలిగోడపై దట్టముగ నిలిచియుండు ఆంత్రచూషకములను కృశింపజేయగా, తిన్న తిండి ఒంటబట్టక, రక్తము పలుచబడి, ఎముకలు గుల్లబారి, పసివారైనచో ఎదుగుదల మందగించును; కొందరిలో నీ లక్షణములేవియు లేక, ఎన్ని మందులకును లొంగని రక్తహీనత యొక్కటియే ఏండ్లతరబడి వెంటాడును. దీనిని పోగొట్టు మందు లేదు. ఆ ధాన్యములను జీవితాంతము విడిచిపెట్టుటయే చికిత్స. కాశికి బోయి కాయనో పండునో వదలివచ్చిన పెద్దలు గోదావరి సీమలో పెక్కండ్రుందురు గనుక వదలుట మనకు క్రొత్తగాదు. అయితే కాశిలో వదలినది మన యిష్టమున వదలినది, దానివలన పుణ్యమున్నదను తృప్తి వెనుక నుండును. ఇక్కడ వదలవలసినది కేవలము భయముచే, అదియును ఆ భయమునకు కారణమున్నదో లేదో తేలకుండగనే.

ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైన నాటినుండి వరిచేల నడుమ పుట్టి వరియన్నముతో పెరిగిన డెల్టావారికి గోధుమతో నేమి సంబంధమని యడుగువారుందురు. గోధుమ మన యిండ్లలోనికి సింహద్వారమున రాలేదు. తాపేశ్వరపు మడతకాజాగను, కాకినాడ గొట్టముకాజాగను మిఠాయిపొట్లములో వచ్చినది. మధుమేహము పట్టుకొన్న తాతగారికి రాత్రిపూట అన్నము మాన్పించిన డాక్టరుగారి మాటమీద పుల్కాయై వచ్చినది. జ్వరము తగ్గిన పిల్లవానికి కాచిన బార్లీనీళ్ళలో దాని దాయాది వచ్చినది. ఆసుపత్రికి పరామర్శకు పోవువారి చేతిలో హార్లిక్సు సీసాయై వచ్చినది. గోధుమతోను మొలకెత్తించిన బార్లీతోను తయారగు ఆ పొడికి ధవళేశ్వరముననే కర్మాగారము వెలసినది. వంటింటి ఇంగువడబ్బాలో సైతము, పొడిగా అమ్ముటకై కలిపిన పిండి గోధుమపిండియే కావచ్చును. ఆత్రేయపురపు పూతరేకు మాత్రము బియ్యపుపిండితో చేయునది గాన నిరపరాధి. రోగికి బలమని మనము ప్రేమతో తెచ్చిపెట్టునవే కొందరికి రోగమును పెంచునవి యగుట ఇందలి క్రూరపరిహాసము.

కోనసీమలో నేనెరిగిన యొక యింట కోడలికి చాలకాలముగ రక్తము చాలదు. ఇనుముమాత్రలు సీసాలకు సీసాలు మ్రింగినను ఫలములేదు. కడుపు తరచు జారును. అమెరికాలో నున్న ఆడబడుచు ఫోనులో “గోధుమలు మానేసి చూడు వదినా” అనగా మానివేసినది, కొంత నెమ్మదించినది, నెమ్మదించిన పిమ్మట వైద్యుని కడకు పోయినది. ఆ వరుసలోనే చిక్కున్నది గాని, ఆ సంగతి పిదప చెప్పెదను. ఆమె పరీక్షాపత్రమును నేను చూచితిని. ఎడమగడిలో టీటీజీ యను యాంటీబాడీ పేరు, నడుమ అంకె, కుడిగడిలో ఆరోగ్యవంతులకు ఉండదగిన మేర. అంకె మేరను దాటినది, కాని దాటి దాటనట్లుగ దాటినది. అడుగున చిన్న అక్షరములతో, రోగి లక్షణములతో సరిపోల్చి చూచుకొనవలెనను అర్థముగల ఆంగ్లవాక్యము. మన లేబొరేటరీలు అలవాటుగా అచ్చుకొట్టు ఆ వాక్యమంత నిజాయతీగలది ఆ పత్రమున మరియొకటి లేదు. అయినను దానిని చదువువారుండరు. తరువాత ఎండోస్కోపీ చేసి ప్రేవునుండి ముక్కలు తీసి చూడగా, ఆంత్రచూషకములు చక్కగనే నిలిచియున్నవి, పైపొరలో తెల్లకణములు మాత్రము అధికముగ నున్నవి. మార్ష్ అను వైద్యుడు 1992లో కూర్చిన తరగతులలో నిది మొదటిది. అంత స్వల్పమైన మార్పు కడుపులోని హెలికోబాక్టర్ వలనను రావచ్చును, నొప్పిమాత్రలవలనను రావచ్చును, నీటిద్వారా చేరు జియార్డియా వలనను రావచ్చును. సీలియాక్ తొలిదశయు కావచ్చును.

ఆ యింటివారికి బిడ్డ పుట్టినప్పుడు అన్నవరములో సత్యనారాయణవ్రతము చేయింతుమని మ్రొక్కున్నది. రత్నగిరిపై విస్తరాకుపొట్లములో నిచ్చు ప్రసాదము గోధుమనూకయు బెల్లమును నేయియు కలిపి వండినదని గోదావరి సీమలో తెలియనివారు లేరు. మ్రొక్కు తీర్చుకొను మాట వచ్చినప్పుడు అత్తగారు, “రోగం ఉందని వాళ్ళే చెప్పలేకపోతున్నారు, స్వామి ప్రసాదం వద్దనడానికి మనమెవరమమ్మా?” అనెను. కోడలు తలవంచుకొని, “లేదని కూడా చెప్పలేదు కదండీ అత్తయ్యగారూ” అనెను. వాదమంతయు నీ రెండు వాక్యములలోనే యున్నది.

గౌతముని న్యాయసూత్రములు తత్త్వజ్ఞానమునకు వలయు పదునారు పదార్థములను పేర్కొనుచు, ప్రమాణము, ప్రమేయము అను రెంటి వెంటనే సంశయమును మూడవదిగ నిలిపినవి. గీతలో సంశయాత్మునిగూర్చి వచ్చిన కఠినవాక్యమునే వినుచు పెరిగిన మనకిది వింతగ తోచును. శ్రద్ధకు శత్రువని మనమెంచునది తార్కికునకు విచారణ ఆరంభించుట కధికారము. ఈ సంశయము పుట్టుటకు కారణములైదని భాష్యకారుడగు వాత్స్యాయనుడు లెక్కింపగా, వార్తికకారుడగు ఉద్యోతకరుడు మూడే యనెను. ఆ తగవు మనకక్కరలేదు. మసకచీకటిలో నిలువుగ కనబడునది మోడో మనుష్యుడో తెలియకపోవుటకు హేతువు, ఎత్తు రెంటికిని సమానమగుట: ఇది మొదటి కారణము. ప్రామాణికులు పరస్పరవిరుద్ధముగ పలుకుట మరియొక కారణము. ఎండమావియందు లేని నీరు కనబడుటయు, భూగర్భమున నున్న నీరు కనబడకపోవుటయు చూచిన మనస్సు, కనబడినదానినిగాని కనబడనిదానినిగాని వెంటనే నమ్మజాలకుండుట మరి రెండు కారణములు. రక్తము అవునని గొణుగగా ప్రేవుముక్క కాదని గొణిగిన ఆ కోడలి పత్రములయందు, వానిని చూచి వ్రాసినట్లుగ, ఈ కారణములన్నియు నున్నవి.

సమానధర్మమునుగూర్చి గోదావరి సీమకు సొంతమైన యొక చరిత్ర గలదు. 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున చదివి, సన్న్యసింపగోరి రామకృష్ణమఠము వైపు మొగ్గి, తుదకు వైద్యవిద్యకు మరలిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కుటుంబమును పీడించిన రోగము మన పెద్దలు గ్రహణి యనియు, ఆంగ్లవైద్యులు ట్రాపికల్ స్ప్రూ యనియు పిలిచినది. అది ఆయన సోదరులను బలిగొన్నది. ఆయనకును సోకగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచే బ్రదికిరి. 1923లో అమెరికాకు పోయిన ఆయన నాయకత్వమున లీడర్లీ ప్రయోగశాలవారు 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేయగలుగుటయు, ఆ ఆమ్లమే స్ప్రూ రోగుల రక్తహీనతకు మందగుటయు లోకవిదితము. ఇంతకును స్ప్రూ రోగి ప్రేవుముక్కను సూక్ష్మదర్శినిక్రింద పెట్టి చూచినచో, సీలియాక్ రోగి ప్రేవుముక్కవలెనే ఆంత్రచూషకములు అణగి చదునై కనబడును. పెద్దలకు వచ్చు సీలియాక్‌ను పాశ్చాత్యులు చాలకాలము ఉష్ణమండలేతర స్ప్రూ యని పిలిచిరన్న, ఆ పోలిక యెంత మోసగించినదో గ్రహింపవచ్చును. ఒకటి ఫోలిక్ ఆమ్లమునకును టెట్రాసైక్లిన్‌కును లొంగును. రెండవది గోధుమ మాన్పించిననేగాని లొంగదు. ఆ రహస్యమును పట్టిన హాలండు శిశువైద్యుడు డికీ యుద్ధమునకు పూర్వమే గోధుమను శంకించి, 1950లో ఉట్రెక్టు విశ్వవిద్యాలయమునకు సమర్పించిన సిద్ధాంతవ్యాసమున దానిని నిరూపించెను. ఒకే రూపముగల రెండు రోగములలో నేది యేదో తేల్చుటకు చూపు చాలక, చికిత్సయే పరీక్షగ మారవలసివచ్చినది. వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలవారు స్ప్రూను దశాబ్దములు శోధించినదియు దక్షిణదేశపు పల్లెలలోనే; కాబట్టి చదునైన ప్రేవును చూచి సీలియాక్ అనుట ఉత్తరదేశమునకంటె మనకడ నింకను తొందరపాటగును.

ఇక అత్తగారి వాదమునకు వత్తము. కానరాలేదు గనుక లేదనుట. కుమారిలభట్టు ననుసరించు మీమాంసకులును, అద్వైతులును అనుపలబ్ధిని ప్రత్యేకప్రమాణముగ నంగీకరించిరి: నేలపై కుండ కానరాకపోవుటచేతనే కుండ లేదని తెలియుచున్నది. కాని వారు దానికొక కళ్ళెము వేసిరి. ఆ కళ్ళెమే యోగ్యత. ఉండియున్నచో తప్పక కానవచ్చియుండెడిది యను యోగ్యత యున్నప్పుడే కానరాకపోవుట లేమికి ప్రమాణము. చీకటిగదిలో కుండ కానరాదు. దానివలన కుండ లేదని యెవ్వడును అనడు. స్తంభముపై పిశాచము కానరాకున్నను లేదని చెప్పుట కుదరదు, అది స్వభావముచేతనే చూడ్కికి అందనిది గనుక. నైయాయికులు దీనిని ప్రత్యేకప్రమాణముగ నొప్పుకొనకపోయినను యోగ్యతానియమమును వారును విడువలేదు. నా మట్టుకు నాకు మన దర్శనములన్నిటిలో నింతకంటె నిత్యజీవితమున కక్కరకువచ్చు మాట మరియొకటి యున్నట్లు తోచదు.

ఈ నియమమును తెచ్చి పరీక్షలపై పెట్టి చూడుడు. టీటీజీ పరీక్ష వెదకునది ఐజీఏ అను జాతి యాంటీబాడీని. జన్మతః ఐజీఏ చాలనివారు కొందరుందురు, సీలియాక్ రోగులలో వారి సంఖ్య సామాన్యజనులలోకంటె అధికము; వారి రక్తములో నెంత వెదకినను అది కానరాదు. అందుచేతనే మంచి వైద్యుడు మొత్తము ఐజీఏ ఎంతయున్నదో కూడ కొలిపించును, అనగా గదిలో దీపమున్నదా లేదా యని ముందు విచారించును. ప్రేవు మొత్తము ఒకే తీరున చెడదు, అచ్చటచ్చట చెడును, కావున ఆరంభభాగమునుండి ఒకటి రెండును, దిగువనుండి నాలుగైనను ముక్కలు తీయవలెనందురు. తీసిన ముక్కను మైనములో నిలువుగ నాటక వాలుగ నాటినచో, నిడుపైన ఆంత్రచూషకములు సైతము కోతలో పొట్టివిగ కనబడును. అది లేని రోగమును చూపును. ఇవియన్నియు చూచువాని లోపములు. మన కోడలి విషయమున జరిగినది వేఱు. ఆమె గోధుమను మానిన తరువాత పరీక్షకు పోయినది. గోధుమ లేనినాడు వైరము చల్లారును, యాంటీబాడీలు తగ్గును, ప్రేవు మానుకొనును. అప్పుడు పరీక్ష లేదనినను ఆ లేమి యోగ్యమైనది గాదు. సాక్షిని ఊరు దాటించి న్యాయస్థానములో సాక్ష్యము లేదనుట వంటిది. ముందు విచారణ, పిమ్మట త్యాగము కావలెను. వైరాగ్యము ముందువచ్చిన చోట విచారణకు ఆధారమే మిగులదు.

ఆమెకు గోధుమ మానగా నెమ్మదించినది గదా, అదియే చాలదా యని కోడలి పక్షమువారందురు. ఇది అన్వయవ్యతిరేకములను నమ్ముట: తిన్న వచ్చినది, తినకున్న రాలేదు. కాని గోధుమలో గ్లూటెన్ ఒక్కటే లేదు. ఫ్రక్టాన్లను పులియు పిండిపదార్థములును గలవు, పట్టి బాధించు ప్రేవులుగలవారికి వానివలననే ఉబ్బరమును విరేచనములును కలుగును. గోధుమతో కలిసి కాజాలోని నేయియు, పూరీలోని నూనెయు కూడ పోయినవి. ఏది పోవుటచే సుఖము కలిగినదో తేలలేదు. ఉపశమనమును రోగనిర్ణయముగ తీసికొనరాదని వైద్యులు పట్టుపట్టుట మొండితనము గాదు.

మిగిలినది జన్యుపరీక్ష. హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2, డీక్యూ8 అను రెండు జన్యురూపములలో నేదియు లేనివారికి సీలియాక్ రాదనుట ఇంచుమించు నిశ్చయము. ఇచ్చట లేమి యోగ్యమైన లేమి, దానిని నమ్మవచ్చును. ఉన్నచో మాత్రము పరీక్ష దాదాపు మూగవోవును, ఏలనన సామాన్యజనులలోనే నూటికి ముప్పదినుండి నలువదిమందికి అవి యుండును, వారిలో రోగము వచ్చువారు ఏ కొద్దిమందియో. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమును చదివిన బాలురకు నిది క్రొత్తగాదు. పొగయున్నచోట నిప్పుండును, నిప్పున్నచోటనెల్ల పొగయుండదు, ఎఱ్ఱగ కాలిన యినుపగుండును చూడుడు. నిప్పునుండి పొగ రావలెనన్న తడికట్టె యను ఉపాధి కావలెను. సీలియాక్‌కు తడికట్టె గోధుమ. 2016లో ప్రకటితమైన యొక పరిశోధనలో భారతదేశపు ఉత్తర, ఈశాన్య, దక్షిణభాగములలో 23 వేలకు పైబడిన పెద్దలను పరీక్షింపగా, సీలియాక్ యాంటీబాడీలు ఉత్తరమున నూటికి 1.23, ఈశాన్యమున 0.87, దక్షిణమున 0.10 చొప్పున తేలినవి. ఆ జన్యువులో, ఉత్తరమున నూటికి 38, దక్షిణమున 36, అనగా దాదాపు సమానము. మనుష్యుడొకడు దినమునకు తిను గోధుమ ఉత్తరమున 455 గ్రాములు, దక్షిణమున 25. ఈశాన్యమున 37 గ్రాములే తిన్నను ఆ యాంటీబాడీల లెక్క ఉత్తరమునకు దాపున నుండుటచే ఈ లెక్క యంత సులువుగ ముగియదు. తడికట్టె ఒక్కటే చాలదు, మరి యేదియో కూడ నుండవలెను. అయినను మన డెల్టావారి రక్తములో నిప్పు లేదనుకొనుట పొరపాటనియు, ఇన్నాళ్ళు వరియన్నము మనల కాచినదనియు ఊహించుటకు తగినంత ఆధారమున్నది. మధుమేహభయముచే పుల్కాలకు మరలుచున్న యిండ్లలో రాబోవు తరమున నేమగునో వైద్యులు గమనింపవలసియున్నది.

ప్రసాదపు ప్రశ్న నింతవరకు దాటవేసితిని. వ్రతకథను విన్నవారి మనస్సులో నాటుకొని యుండు భయము కల్పితము గాదు. భర్త ఓడ వచ్చినదన్న తొందరలో ప్రసాదము స్వీకరింపక పరుగెత్తిన కళావతికి ఓడయే కానరాకపోయినది. గొల్లలు పెట్టిన ప్రసాదమును గర్వముచే విడిచిన తుంగధ్వజునకు సర్వనాశమైనది. అత్తగారి కంటిలో నీ ఇద్దరును మెదలిరి. కాని ఒకరిది తొందర, ఒకరిది గర్వము. అశక్తుడైన భక్తునికి శిక్ష పడినట్లు ఆ కథలో నెచ్చటను లేదు. మరియు స్కాందపురాణము రేవాఖండములోనిదని చెప్పబడు ఆ కథయే నైవేద్యవిధి చెప్పుచు, గోధుమపిండి లభింపనిచో బియ్యపుపిండి వాడవచ్చునని స్వయముగ ననుమతించినది. గోధుమ పండని దేశములనుద్దేశించిన ఆ వెసులుబాటు, గోధుమ పడని దేహమునకు వర్తింపదనుటకు నాకు కారణము కనబడదు. లభింపకపోవుట బజారులో నైననేమి, ప్రేవులో నైననేమి? ఈ విషయమున మన సంప్రదాయము ఉదారమైనదని గుర్తించుటకు కథోలికుల తంటా చూడవలెను. రోమునగరపు ధర్మపీఠము 2003లో వ్రాసిన లేఖలో గ్లూటెన్ లేశమును లేని అప్పము ఆరాధనకు చెల్లదనియు, స్వల్పముగ గ్లూటెన్ ఉన్నది చెల్లుననియు నిర్ణయించి, 2017లో మరల నదియే చెప్పినది. దానికిని పడనివారు ద్రాక్షరసముతో మాత్రము తృప్తిపడవలెను. క్రీస్తు స్పృశించిన ధాన్యమును మార్చు నధికారము తమకు లేదని వారి వాదము. దానిని నేను తేలికచేయను. వస్తువునందే పవిత్రత నిలిచియున్నదని నమ్మువారికి అది తప్పదు. మనవారు స్వీకారమునందు పవిత్రతను నిలిపిరి కాబట్టియే, ఏకాదశినాడు ప్రసాదము చేతికి వచ్చినచో కన్నులకద్దుకొని ప్రక్కవారికిచ్చిన ముసలమ్మను ఎవ్వరును తప్పుపట్టరు.

ఇంతలో నొక తమాషా జరిగినది. కోడలిని చూచిన వైద్యుడు సంగతియంతయు విని, ఇప్పుడు పథ్యము వద్దు, మరల గోధుమ తినవలసినదే, దినమునకొకటి రెండు చపాతీలు కొన్ని వారములపాటు తిని మరల పరీక్షకు రమ్మనెను; ఓర్వరాని బాధ కలిగినచో వెంటనే రమ్మని హెచ్చరించెను. జన్యుపరీక్షయు వ్రాసెను, అది లేదనినచో ఈ బెడదయే తప్పునని చెప్పెను. జన్యుపరీక్షలో డీక్యూ2 ఉన్నదని వచ్చినది, అనగా ఏమియు తేలలేదు. అందుచేత చపాతీలు మొదలైనవి. గోధుమ తినుమన్న వైద్యుని మాట అత్తగారికి స్వామియాజ్ఞవలె వినబడగా, అన్నవరపు వ్రతమును ఆ వారములలోనే పెట్టించెను. కోడలును అంగీకరించినది, ప్రసాదము పొట్లమును కూడ పరీక్షలో భాగముగనే లెక్కింపుమని నవ్వుచు వైద్యునితో చెప్పినదట. రోగము తేలినచో వచ్చు ఏడు వ్రతము ఇంటనే, బియ్యపునూకతో చేయించుటకు పురోహితుని నడిగియుంచిరి. ఆయన కభ్యంతరము లేదు. బెల్లము పాకము మాత్రము బియ్యపునూకకు కొంచెము లేతగ తీయవలెనని చెప్పెను.